రెండక్షరముల వెనుక మనుష్యులు

హైదరాబాదు నగరమున మెట్రోరైలు స్తంభముల నీడన నిత్యము నడచువారికిని, వార్తాపత్రికలలో వంతెనలనుగూర్చియు ఆనకట్టలనుగూర్చియు చదువువారికిని ‘ఎల్ అండ్ టి’ యన్న మాట కొత్తది కాదు. తరగతిలో ఏ విద్యార్థి నడిగినను అది యొక పెద్ద కంపెనీ పేరని వెంటనే చెప్పును. కాని ఆ రెండక్షరములు ఇద్దరు మనుష్యుల పేర్లలోని తొలి యక్షరములనియు, ఆ యిద్దరును డెన్మార్కు దేశపు ఇంజనీర్లనియు, జీతమునకు పనిచేయుటకై ఈ దేశమునకు వచ్చి ఇచటనే నిలిచిపోయిరనియు ఎరిగినవారు తక్కువ.

2025వ సంవత్సరమున ఈ కంపెనీ పేరు ముమ్మారు లోకుల నోట నానినది. జనవరిలో దాని అధిపతి ఎస్. ఎన్. సుబ్రహ్మణ్యన్ ఉద్యోగులతో జరిపిన ముచ్చటలోని మాటలు వెలికివచ్చెను. వారమునకు తొంబది గంటలు పనిచేయవలెననియు, ఆదివారములందు గూడ పనిచేయింపలేకపోవుచున్నందుకు విచారించుచున్నాననియు ఆయన పలికినట్లు తెలిసి దేశమంతట అలజడి చెలరేగినది. ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన వ్యాపారవేత్తల సభలో ఆయనయే నిర్మాణపు పనులకు కూలీలు దొరకుట కష్టమగుచున్నదనియు, సంక్షేమ పథకములు మొదలగువాని మూలమున వారు ఊరు విడిచి వచ్చుటకు ఇష్టపడుట లేదనియు చెప్పెను. సెప్టెంబరులో హైదరాబాదు మెట్రోరైలు మొదటి దశను కంపెనీనుండి తాను తీసికొనుటకు తెలంగాణ ప్రభుత్వము సూత్రప్రాయముగా అంగీకరించినది.

ఈ మూడు వార్తలను విడివిడిగా చదివినచో వానికి సంబంధము కనుపింపదు. ఒకటి పనిగంటలనుగూర్చినది, ఒకటి కూలీలనుగూర్చినది, వేరొకటి అప్పులనుగూర్చినది. ఒకచోట చేర్చి చదివినచో మూడింటి అడుగునను ఒకే ప్రశ్న కలదు. నిర్మాణసంస్థ యనగా నెవరు? దానిని స్థాపించినవారా, వాటాలు కొన్నవారా, మెట్టు మెట్టుగా ఎక్కి అధికారులైనవారా, తట్ట మోసి ఇటుక పేర్చినవారా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెనన్న ఆ సంస్థలోని మనుష్యుల చరిత్రమును కొంత తెలిసికొనవలసియున్నది.

ఇద్దరు ఉద్యోగులు

సోరెన్ క్రిస్టియన్ టూబ్రో 1906లోను, హెన్నింగ్ హోల్క్ లార్సెన్ 1907లోను జన్మించిరి. మొదటివాడు సివిల్ ఇంజనీరు. రెండవవాడు కెమికల్ ఇంజనీరు. ఇరువురును ఎఫ్. ఎల్. స్మిత్ అను డేనిష్ కంపెనీలో ఉద్యోగులు. సిమెంటు కర్మాగారములకు యంత్రములు అమ్మి, వానిని నిలబెట్టించి యిచ్చుట ఆ కంపెనీ వ్యాపారము. టూబ్రో 1934లో కోయంబత్తూరు చేరువనున్న మదుక్కరై కర్మాగారమున యంత్రస్థాపన చూచుటకు వచ్చెను. లార్సెన్ 1937లో వచ్చెను. అప్పటికి ఒక యేడు ముందే దేశములోని పెక్కు సిమెంటు కంపెనీలు ఏకమై ఏ. సి. సి. గా ఏర్పడియుండెను.

ఇరువురును బొంబాయికి సమీపమునగల మాథేరాన్ కొండపై సెలవులు గడుపుచు ముచ్చటించుకొనుచుండగా స్వంతముగా ఏదైన ప్రారంభింపవలెనన్న యాలోచన రూపు దాల్చినదని ప్రసిద్ధి. 1938 మే 1వ తేదీన భాగస్వామ్యము ఆరంభమైనది. బొంబాయి బల్లార్డ్ ఎస్టేటులో వారు తీసికొన్న కార్యాలయము ఎంత చిన్నదనగా ఒకేసారి ఒక భాగస్వామి మాత్రమే అందులో కూర్చుండుటకు వీలుండెడిది. ఐరోపానుండి పాలపరిశ్రమకు కావలసిన యంత్రపరికరములను తెప్పించి అమ్ముట తొలినాటి వ్యాపారము.

మరుసటి సంవత్సరమే యుద్ధము వచ్చెను. 1940లో జర్మనీ డెన్మార్కును ఆక్రమించుకొనగానే సరకు రాక ఆగిపోయెను. అమ్ముటకు వస్తువు లేని ఏజెంట్లు అంగడి మూసివేయుట లోకరీతి. వీరు మూయలేదు. చిన్న వర్కుషాపు తెరచి, దిగుమతి చేసికొనుచుండిన పరికరములను తామే తయారుచేయ మొదలిడిరి. ఓడల మరమ్మతు పనులు పట్టిరి. టాటావారి సోడాయాష్ కర్మాగారమును నెలకొల్పుటకు వచ్చిన జర్మన్ ఇంజనీర్లు యుద్ధకాలమున నిర్బంధింపబడగా, ఆగిన ఆ పని వీరికి దక్కెను. ఇట్టి పనులు చేయుటలో అలవడిన నేర్పు వ్యర్థము కాకుండుటకు 1944లో ఇంజనీరింగ్ కన్‌స్ట్రక్షన్ కార్పొరేషన్ అను వేరొక సంస్థను స్థాపించిరి. ఇ. సి. సి. యని ప్రసిద్ధమై, తరువాత మాతృసంస్థలోనే లీనమైన నిర్మాణశాఖకు మూలమిది. 1946 ఫిబ్రవరి 7వ తేదీన భాగస్వామ్యము లిమిటెడ్ కంపెనీగా మారెను. 1948లో బొంబాయి వెలుపల పొవాయిలో 55 ఎకరముల చిత్తడినేల కొనిరి. 1950లో 20 లక్షల రూపాయల మూలధనముతో అది పబ్లిక్ కంపెనీ అయ్యెను.

టూబ్రో 1982లో మరణించెను. లార్సెన్ 1978లో అధ్యక్షపదవినుండి తప్పుకొనెను. ఆయనకు 1976లో రామన్ మెగసెసే బహుమానమును, 2002లో పద్మభూషణ్ బిరుదమును లభించినవి. 2003లో, తొంబదియారేండ్ల ప్రాయమున, ముంబయిలోనే కన్నుమూసెను. ఇరువురును తమ సంతతి చేతికి కంపెనీని అప్పగించి పోలేదు. పేరు మిగిలినది, ఇంటిపేరుగల యజమాని మిగులలేదు. ఈ దేశములోని పెద్ద వ్యాపారసంస్థలలో ఇది అరుదైన విషయము. తరువాత వచ్చిన చిక్కులకెల్ల మూలమును ఇందే కలదు.

ఎవరి సొత్తు?

యజమాని లేని తోటకు దారినపోవు వారందరును దృష్టి సారింతురు. 1980 తరువాతి దశాబ్దమున ఈ కంపెనీ వాటాలలో అధికభాగము జీవితభీమా సంస్థవంటి ప్రభుత్వ ఆర్థికసంస్థల చేతిలోను, తక్కినవి చెల్లాచెదరుగా సామాన్య మదుపుదార్ల చేతిలోను ఉండెను. 1988లో అంబానీ కుటుంబమువారు డైరెక్టర్ల మండలిలో ప్రవేశించిరి. 1989లో ధీరూభాయి అంబానీ అధ్యక్షుడయ్యెను. కంపెనీ సేకరించు ధనము రిలయన్సు పనులకు మళ్ళునన్న వివాదము రేగినది. కేంద్రమున ప్రభుత్వము మారిన తరువాత, 1990 ఏప్రిలులో ఆయన పదవిని విడిచిపెట్టెను. భారత స్టేట్ బ్యాంకు పూర్వాధ్యక్షుడు డి. ఎన్. ఘోష్ ఆ స్థానమునకు వచ్చెను.

కథ అంతటితో ముగియలేదు. రిలయన్సు చేతిలో వాటాలు మిగిలియే యుండెను. 2001 నవంబరులో ఆ సంస్థ తన నూటికి 10.05 వంతు వాటాను బిర్లాల గ్రాసిం కంపెనీకి 766.5 కోట్ల రూపాయలకు అమ్మివేసెను. బిర్లాల దృష్టి సిమెంటుపై నుండెను. సిమెంటు యంత్రములు నిలబెట్టుటకు వచ్చిన ఇద్దరి పేరిట వెలసిన కంపెనీ అప్పటికి తానే పెద్ద సిమెంటు ఉత్పత్తిదారై యుండెను. అనంతపురము జిల్లా తాడిపత్రి సమీపమునను దానికొక కర్మాగార ముండెను. రెండేండ్ల బేరసారముల పిమ్మట 2004 నాటికి పరిష్కారము కుదిరినది. సిమెంటు వ్యాపారము వేరుపడి బిర్లాలకు చేరి అల్ట్రాటెక్ అను పేర వెలసెను. అందుకు బదులుగా గ్రాసిం చేతిలోని ఎల్ అండ్ టి వాటాలను ఉద్యోగుల ట్రస్టు కొనెను. తాడిపత్రి కర్మాగారముమీద పేరు మారినది, పొవాయిలో మారలేదు.

ఈ ఘట్టము విద్యార్థులు గమనింపదగినది. కంపెనీని కాపాడుకొనుటకు అధికారులు చెప్పిన వాదమేమి? ఇది ఏ కుటుంబపు సొత్తును కాదు, దీనిలో జీవితమును ధారపోసిన ఉద్యోగుల కష్టముతో పెరిగినది, కావున దీని భవిష్యత్తులో వారికి భాగముండవలెను అని. వాదము న్యాయమైనది, నెగ్గినది. ఉద్యోగుల ట్రస్టు నేటికిని కంపెనీ పెద్ద వాటాదార్లలో నొకటి. దేశమున వేరొకచోట సుళువుగా కనుపింపని యేర్పాటిది. కాని ‘ఉద్యోగులు’ అన్న మాటకు హద్దెక్కడ? ఆ మాటలో ఎవరు చేరిరి, ఎవరు చేరలేదు? ఈ ప్రశ్న ఆనాడు ఎవరును అడుగలేదు. 2025 నాటి మాటలు దానిని మరల ముందుకు తెచ్చినవి.

మెట్లెక్కినవారు

ఉద్యోగుల తరఫున ఆ పోరాటము నడపినవాడు అనిల్ మణిభాయి నాయక్. 1942లో దక్షిణ గుజరాతునందు జన్మించెను. తాతయు తండ్రియు బడిపంతుళ్ళు. వల్లభ విద్యానగరమున మెకానికల్ ఇంజనీరింగు చదివి, వేరొక చిన్న కంపెనీలో కొంతకాలము పనిచేసి, 1965 మార్చిలో జూనియర్ ఇంజనీరుగా పొవాయిలో చేరెను. 1999లో కంపెనీ కార్యనిర్వహణకు ముఖ్యుడయ్యెను; 2003లో అధ్యక్షుడయ్యెను; 2023 సెప్టెంబరు 30వ తేదీన ఆ పదవినుండి విరమించెను. ఒకే కంపెనీలో ఏబదియెనిమిదేండ్లు! 2009లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ లభించినవి. బడిపంతులు మనుమడు, ఏ కుటుంబపు అండయు లేక, దేశములోని అతిపెద్ద ఇంజనీరింగు సంస్థకు అధిపతి కాగలిగెనన్నచో అది ఆ సంస్థలోని మెట్ల బలమును చాటుచున్నది.

ఈ మెట్లమీద తెలుగువారు లేకపోలేదు. కృష్ణాజిల్లా పునాదిపాడులో పుట్టిన అనుమోలు రామకృష్ణ ఇ. సి. సి. నిర్మాణశాఖకు నాయకత్వము వహించి, కంపెనీకి ఉపనిర్వాహకసంచాలకుడయ్యెను. కట్టడముల పని చేపట్టిన వానికి ఊరిపేరు గూడ తగినట్లు కుదిరినది. కాంక్రీటు భాగములను ముందుగా వేరొకచోట పోతపోసి, తెచ్చి, పనిస్థలమున కూర్చు పద్ధతిని ఈ దేశమున వ్యాపింపజేసినవారిలో ఆయన ముఖ్యుడు. 2013లో మరణించెను, 2014లో మరణానంతరము పద్మభూషణ్ ప్రకటింపబడెను. ఢిల్లీలో 1986లో పూర్తియైన తామరపూవు ఆకారపు బహాయి మందిరమును కట్టినది ఈ నిర్మాణశాఖయే. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిన హైదరాబాదు సైబర్ టవర్సును కట్టినదియు ఎల్ అండ్ టి యే. ఆ భవనమును చూచి హైటెక్ సిటీ యని పలికిన తెలుగువారిలో దానిని కట్టించిన శాఖకు తెలుగువాడు నాయకుడై యుండెనని యెరిగినవా రెందరు?

నేటి అధిపతి సుబ్రహ్మణ్యన్‌ గూడ ఈ మెట్లెక్కి వచ్చినవాడే. 1960లో పుట్టెను. కురుక్షేత్రమునందలి ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగును, పూనాలో వ్యాపారనిర్వహణమును చదివి 1984లో ఇ. సి. సి. లో ప్రణాళికా ఇంజనీరుగా చేరెను. 2017 జూలైలో కార్యనిర్వహణాధిపతియు, 2023 అక్టోబరులో అధ్యక్షుడును అయ్యెను. నలువదేండ్లు పనిస్థలములమధ్య గడపినవాడు తన అలవాటునే అందరికి ధర్మముగా విధింపబూనుట ఆశ్చర్యము కాదు. గడువు తీరకముందే కట్టి యిచ్చుట నిర్మాణవృత్తిలో గొప్ప గౌరవము. అందులో పెరిగినవారికి ఆదివారము అడ్డంకిగా తోచును.

అయినను లెక్క చూడవలెను. వారమునకు తొంబది గంటలనగా, ఏడు దినములు పనిచేసినను, దినమునకు పదుమూడు గంటలకు ఇంచుక తక్కువ. ఆదివారము సెలవైనచో పదునైదు గంటలు. కర్మాగారపు కార్మికునకు 1948 నాటి చట్టము వారమునకు నలువదియెనిమిది గంటలు హద్దు విధించినది. కంపెనీ ప్రకటించిన లెక్కల ప్రకారము 2023-24లో దాని అధిపతికి ముట్టిన ప్రతిఫలము రమారమి 51 కోట్ల రూపాయలు; అది మధ్యస్థ ఉద్యోగి జీతమునకు అయిదువందల ముప్పది రెట్లకు పైబడినది. ఒకే గంటకు ఇరువురికి ఇంత వ్యత్యాసమున్నప్పుడు ఆ గంటను సమానముగా ఇమ్మని కోరుట యెట్లు? పైగా ఈ కంపెనీయే ఇద్దరు ఉద్యోగులు సెలవు తీసికొని కొండపై తీరికగా కూర్చున్నప్పుడు పుట్టినది కదా. తొంబది గంటల వారములో మాథేరాన్‌కు చోటుండదు.

కట్టుట, నడుపుట

హైదరాబాదు మెట్రో వ్యవహారము వేరొక పాఠము నేర్పుచున్నది. మొదట 2008లో ఈ పని మేటాస్ సంస్థకు దక్కినది. సత్యం కుంభకోణము బయటపడిన పిమ్మట 2009లో ఆ ఒప్పందము రద్దయినది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టి తో ఒప్పందము కుదిరినది. ఆనాటి అంచనా వ్యయము 14,132 కోట్ల రూపాయలు. ఉప్పలు, కుత్బుల్లాపురము ఆవరణలలో కాంక్రీటు ఖండములను పోతపోసి, రాత్రివేళ రహదారులమీదుగా తెచ్చి, స్తంభములపై పేర్చి, సందడి తగ్గని నగరమధ్యమున మార్గము నిర్మించిరి. 2017 నవంబరు 28వ తేదీన మియాపూరు, నాగోలులమధ్య ముప్పది కిలోమీటర్ల మార్గమును ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించెను. 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్ల మొదటి దశ పూర్తియైనది.

కట్టుటలో ఆ సంస్థ తన పేరు నిలుపుకొన్నది. కష్టము నడుపుటలో వచ్చినది. కట్టువాడు పని ముగించి, లెక్క తీర్చుకొని, వేరొక ఊరికి పోవును. నడుపువాడు అచటనే కూర్చుండి, ముప్పదియైదేండ్లు టిక్కెట్లవలనను స్థలముల అద్దెలవలనను వచ్చు రాబడితో అప్పు తీర్చుకొనవలెను. 2020 మార్చిలో కోవిడు మూలమున ఆగిన రైళ్ళు సెప్టెంబరువరకు కదలలేదు. తరువాతను అనుకొన్నంత రాబడి రాలేదు, వడ్డీ ఆగలేదు. తుదకు 2025 సెప్టెంబరులో కుదిరిన అంగీకారము ప్రకారము రమారమి 13,000 కోట్ల రూపాయల అప్పును ప్రభుత్వము తలకెత్తుకొని, కంపెనీ పెట్టుబడికి బదులుగా రమారమి 2,000 కోట్లు ఇచ్చుటకు నిర్ణయమైనది. ప్రైవేటు సాహసముగా మొదలైనది ప్రజల పద్దులోనికి వచ్చినది. దీనిలో ఒకరినే నిందించుట సరికాదు. ఆనాడు ఒప్పందము వ్రాసికొన్న ఉభయులును రాబడిని ఎక్కువగాను, ఆపదను తక్కువగాను అంచనా వేసిరన్నంత వరకు నిజము.

పేరుగలవాడు పొగడ్తకే కాదు, ప్రశ్నకును పాత్రుడు. ఈ సంస్థయే కట్టిన కాళేశ్వరపు మేడిగడ్డ ఆనకట్ట 2019 జూనులో ప్రారంభమైనది. 2023 అక్టోబరు 21వ తేదీన అందులో కొన్ని స్తంభములు కుంగినవి. జస్టిస్ పినాకి చంద్రఘోష్ కమిషను విచారించి 2025 జూలై నెలాఖరున నివేదిక సమర్పించినది. దోషము ప్రణాళికదా, నిర్మాణముదా, నిర్వహణదా యన్నది అధికారులును న్యాయస్థానములును తేల్చవలసిన మాట. ఇచట గుర్తింపవలసినది వేరొకటి కలదు. ప్రశ్న వచ్చినప్పుడు నిలిచి సమాధానము చెప్పుటకు మంత్రులకును, ఇంజనీర్లకును, కంపెనీకిని పేర్లు కలవు. అదే ఆనకట్టకు కాంక్రీటు మోసినవారికి పొగడ్తలోను పేరు లేదు, ప్రశ్నలోను పేరు లేదు.

పేరులేనివారు

ఇది నేటి సంగతి మాత్రమే కాదు. 1847, 1852 సంవత్సరములమధ్య ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థరు కాటను పేరు గోదావరిజిల్లాలలో ప్రతి యింట వినబడును. ఆయనకు కుడిభుజమై కూలీలను సమకూర్చి పని నడపిన వీణెం వీరన్న పేరు చరిత్ర చదివినవారికి తెలియును. అచట రాళ్ళెత్తిన వేలమంది పేర్లు ఎవరికిని తెలియవు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసెను. యంత్రములకన్న మనుష్యుల చేతులే ఎక్కువ నమ్ముకొని కట్టిన ఆ మహానిర్మాణమున పాలమూరు కూలీల చెమట ఎంత యింకినదో లెక్కవేసినవారు లేరు. కరవుసీమయైన పాలమూరునుండి గుంపుమేస్త్రీ చేతిలో బయానా పుచ్చుకొని దేశములోని ఆనకట్టలకెల్ల తరలిపోయిన ఆ కుటుంబములు కట్టిన కాలువలు వేరొక జిల్లాల పొలములను తడిపినవి.

నేడు హైదరాబాదు పనిస్థలములలో వినబడు భాషలు మారినవి. బీహారు, ఝార్ఖండు, ఒడిస్సా, ఉత్తరప్రదేశ్, బెంగాలు ప్రాంతములనుండి వచ్చినవారు రేకులషెడ్లలో కాపురముండి తెలుగు నగరములను కట్టుచున్నారు. 2020 మే 1వ తేదీన, కోవిడు నిర్బంధకాలమున, దేశములో మొదటి శ్రామిక రైలు కదలినది లింగంపల్లి స్టేషనునుండి ఝార్ఖండులోని హటియాకు. రమారమి 1,200 మంది అందులో స్వస్థలములకు పోయిరి. రెండు దినములు ముందు సంగారెడ్డి జిల్లా కందివద్ద కూలీలు తమ యూళ్ళకు పంపుడనియు, రావలసిన కూలి ఇప్పింపుడనియు ఆందోళన చేసియుండిరి. అప్పుడుగాని, నగరమును కట్టినవారు నగరవాసులు కారని నగరమునకు తెలియలేదు.

చెన్నై సభలో సుబ్రహ్మణ్యన్ చెప్పిన లెక్క ప్రకారము ఆ కంపెనీకి ఒక్కసారి కావలసిన కూలీలు నాలుగు లక్షలు. వారు ఏడాదికి మూడు నాలుగు పర్యాయములు మారిపోవుదురు. ఈ మాటలను ఫిర్యాదుగా చదువుట యొక పద్ధతి. సాక్ష్యముగా చదువుట వేరొక పద్ధతి. ఒకే సంస్థలో జూనియర్ ఇంజనీరుగా చేరినవాడు ఏబదియెనిమిదేండ్లు నిలిచెను; కూలిగా చేరినవాడు నాలుగు నెలలు నిలువలేదు. ఆ నిలుకడకును ఈ నిలుకడలేమికిని కారణము స్వభావభేదము కాదు. ఇంజనీరునకు ముందు మెట్టు కనబడుచున్నది. కూలికి కనబడుట లేదు. గల్ఫు దేశములలో ఇచటికన్న మూడింతలు, మూడున్నరింతలు కూలి దొరకునని ఆ సభలో ఆయనయే చెప్పియున్నాడు. అట్లైనచో ఊరు విడువని బద్ధకము కారణమని యెట్లు చెప్పవచ్చును? తగిన కూలి దొరకినచో సముద్రము దాటి పోవువాడు, దొరకనిచో పొరుగు రాష్ట్రమునకును పోడు. స్వగ్రామమున నాలుగు మెతుకులు దొరకుచున్నందున పరాయి ఊరి రేకులషెడ్డును కాదనగలిగినచో, అది దేశము కొంత బాగుపడినదన్న గుర్తే గాని చెడినదన్న గుర్తు కాదు.

చట్టము లేకపోలేదు. 1996లో నిర్మాణకార్మికులకు ప్రత్యేకచట్టము చేసి, నిర్మాణవ్యయముపై నూటికొక రూపాయి చొప్పున సుంకము వసూలుచేసి, సంక్షేమమండలుల ద్వారా వారి కుటుంబములకు సాయపడు నేర్పాటు చేసిరి. 2025 నవంబరు 21వ తేదీన అమలునకు వచ్చిన కార్మికస్మృతులలో ఆ చట్టమును, అంతర్రాష్ట్ర వలసకూలీల 1979 నాటి చట్టమును లీనమైనవి. సంక్షేమమండలిలో సభ్యత్వము కావలెనన్న గడచిన పండ్రెండు నెలలలో తొంబది దినములు పనిచేసినట్లు ఋజువుండవలెను. ఇచటనే చిక్కు. నాలుగు నెలలకొక పనిస్థలము, నెలకొక మేస్త్రీ మారువానికి ఆ ఋజువు వ్రాసి యిచ్చువా డెవడు? పెద్ద కంపెనీ తనకు సంబంధము ఉపగుత్తేదారుతోనే యనును. ఉపగుత్తేదారు మేస్త్రీని చూపును. మేస్త్రీ చేతిలో నున్నది చిత్తుపుస్తకము. అధిపతి కోరిన తొంబది గంటలు ప్రతి యింటికి తెలిసినవి. కూలి ఋజువు చూపవలసిన తొంబది దినములు మాత్రము ఎవరికిని తెలియవు.

చేయదగిన పనులు

కంపెనీని నిందించుటతో ప్రయోజనము లేదు. తన వంతు మంచి ఆ సంస్థ చేయకపోలేదు. తాపీపని, కడ్డీపని, వడ్రంగము నేర్పు శిక్షణాలయములను నడుపుచున్నది. ఆ త్రోవలో ఇంకను ముందుకు పోవలసియున్నది. మొదటిది, పనిస్థలమున అడుగిడిన ప్రతివాని పేరును, వాడు ఏ ఉపగుత్తేదారు క్రిందనున్నను, కంపెనీ మస్టరులోనే యెక్కించి, పోవునాడు పనిచేసిన దినముల ధ్రువపత్రము చేతికీయవలెను. రెండవది, తట్ట మోయువాడు మేస్త్రీ యగుటకును, మేస్త్రీ సూపర్‌వైజరగుటకును పరీక్షలు పెట్టి, మెట్టునకు తగినట్లు కూలి పెంచవలెను. ఉద్యోగులు వాటాలు పొందగలిగిన సంస్థలో కూలీలు ధ్రువపత్రములైన పొందలేరా? మూడవది ప్రభుత్వము చేయవలసినది. ఒక రాష్ట్రములో పొందిన సభ్యత్వము వేరొక రాష్ట్రములో చెల్లునట్లు చూడవలెను. ఏలయన కూలి ఎల్లలు దాటును, వాని కార్డు దాటుట లేదు.

ఉపాధ్యాయులకును ఇందు పని కలదు. సంక్రాంతి పోయిన పిమ్మట బడిలో కొన్ని బెంచీలు ఖాళీ యగుట పాలమూరు పల్లెలలోని పంతుళ్ళకు తెలియని విషయము కాదు. తల్లిదండ్రులతో బాటు పిల్లవాడు ఏ నగరపు పనిస్థలమునకో పోవును. ఆ నగరమున కట్టుచున్న మేడ ప్రక్కనే ప్రభుత్వపాఠశాల యుండును. నడుమ సంవత్సరమున వచ్చిన పిల్లవానిని, పరభాష మాటలాడు పిల్లవానిని, చేర్చుకొనుటకు చట్టము అడ్డు చెప్పదు. చేర్చుకొని కూర్చుండబెట్టవలసినది ఉపాధ్యాయుడే. తండ్రికి మెట్టు లేకున్నను కొడుకునకు మెట్టు వేయగల చోటు అదియొక్కటే.

ఇంజనీరింగు చదువగోరు విద్యార్థులు లార్సెన్, టూబ్రోల ధైర్యమును, నాయక్ నిలుకడను, రామకృష్ణ నేర్పును తప్పక నేర్చుకొనవలెను. ఇట్టి సంస్థలలో ఉద్యోగము దొరకుట గౌరవమే. ఒకనాడు హెల్మెటు ధరించి, పటము చేతబట్టి, వారిలో నెవరో పనిస్థలమున నిలువబడుదురు. అప్పుడు ఎదుట నిలిచిన గుంపును ‘లేబరు’ అని లెక్కపెట్టక, మస్టరు తెరచి ఒక్కొక్కని పేరును పిలిచి చూచినచో, ఆ రెండక్షరముల వెనుక ఎందరున్నారో వారికి తెలియును.